పరదేశ రహదారులపై సందర్శక చోదకులు: పత్రాలు, అలవాట్లు, భద్రత

ఒక దేశంలో బండి నడపడం నేర్చుకున్నవారు మరో దేశానికి విహారానికో, పిల్లల దగ్గరికో వెళ్లి, విమానాశ్రయంలోనే అద్దె కారు తాళాలు అందుకుని రోడ్డెక్కడం నేడు సర్వసాధారణమైంది. వారిని ఆ రోడ్డు మీదికి అనుమతించే చట్టం ఎలా ఏర్పడింది, అది దేన్ని పరీక్షించి దేన్ని వదిలేస్తుంది, ప్రమాదాలు అసలు ఏ ఘట్టంలో సంభవిస్తాయి అన్న ప్రశ్నలను విడివిడిగా కాక కలిపి పరిశీలించవలసి ఉంటుంది. అంతర్జాతీయ ఒప్పందాలు దాదాపు వందేళ్లుగా లైసెన్సు పత్రాలనూ, కొంతమేరకు రహదారి గుర్తులనూ ఒక పద్ధతిలోకి తెచ్చాయి గాని, చోదకుడి చేతుల్లో, కాళ్లలో, కంటిచూపులో పాతుకుపోయిన అలవాట్ల జోలికి పోలేదు. బోర్డు మీద కనిపించే నియమాన్ని కొత్తవారు సాధారణంగా గమనించి పాటిస్తారు. బోర్డు లేని చోట మాత్రం ఆలోచనతో పని లేకుండా సొంత ఊరి అలవాటే ముందుకు వస్తుంది. సందర్శకుల భద్రతకు సంబంధించిన చిక్కుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడుతున్నాయి.

చట్టం వైపు నుంచి చూస్తే, 1926లో పారిస్‌లో, 1949లో జెనీవాలో, 1968లో వియన్నాలో కుదిరిన మూడు ఒప్పందాలు ఈ రంగానికి పునాదులు. ఏ ఒప్పందంలో చేరిన దేశం ఆ ఒప్పందంలోని ఇతర దేశాల లైసెన్సులను కొంతకాలం గుర్తించాలన్నది వీటి సారాంశం. సాధారణంగా ఐడీపీ అని వ్యవహరించే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఈ ఒప్పందాల నుంచే పుట్టింది. పేరును బట్టి అదొక ప్రపంచస్థాయి లైసెన్సనీ, అది చేతిలో ఉంటే సొంత లైసెన్సు ఇంట్లో వదిలి వెళ్లవచ్చనీ చాలామంది అనుకుంటారు; నిజానికి అది సొంత లైసెన్సులోని వివరాలకు పలు భాషల్లో ఇచ్చిన అధికారిక అనువాదం మాత్రమే, మూల లైసెన్సు పక్కన లేకపోతే దానికి విలువ లేదు. 1949 ఒప్పందం కింద జారీ అయ్యే పర్మిట్ ఒక సంవత్సరం, 1968 ఒప్పందం కింద జారీ అయ్యేది గరిష్ఠంగా మూడు సంవత్సరాలు చెల్లుతుంది. భారతదేశం జెనీవా ఒప్పందాన్ని అనుసరించి రవాణా శాఖ కార్యాలయాల ద్వారా ఈ పర్మిట్ ఇస్తుంది. దేశమంతటా ఒకే నమూనా ఉండాలని, మూల లైసెన్సుతో దాన్ని క్యూఆర్ కోడ్ ద్వారా ముడిపెట్టాలని 2022 ఆగస్టులో కేంద్రం నిబంధనలను సవరించింది. దరఖాస్తుదారు దగ్గర చెల్లుబాటయ్యే భారతీయ లైసెన్సు, పాస్‌పోర్టు వంటి పత్రాలు ఉన్నాయా అన్నదే అక్కడ చూస్తారు. వెళ్లబోయే దేశంలో రోడ్డుకు ఏ వైపున నడపాలో తెలుసా అని ఎవరూ అడగరు.

ఈ గుర్తింపు కూడా అన్నిచోట్లా ఒకేలా లేదు. జపాన్ 1949 నమూనా పర్మిట్లను మాత్రమే అంగీకరిస్తుంది కాబట్టి భారతీయ పర్మిట్ అక్కడ పనికివస్తుంది, 1968 నమూనా మాత్రమే జారీ చేసే దేశాల పర్మిట్ పనికిరాదు. చైనా అంతర్జాతీయ పర్మిట్‌ను అసలే గుర్తించదు. సందర్శకులు అక్కడ తాత్కాలిక లైసెన్సు తీసుకోవలసిందే. అమెరికాలో ఈ వ్యవహారం కేంద్ర ప్రభుత్వ పరిధిలో కాక రాష్ట్రాల చేతుల్లో ఉండటం వల్ల గందరగోళం మరీ ఎక్కువ. ఫ్లోరిడా రాష్ట్రం విదేశీ చోదకులందరికీ ఈ పర్మిట్‌ను తప్పనిసరి చేస్తూ తెచ్చిన చట్టం 2013 జనవరి 1న అమల్లోకి రాగా, చలికాలం గడపడానికి ఏటా వేల సంఖ్యలో అక్కడికి దిగే కెనడా వాసులు గగ్గోలు పెట్టారు. ఆ నిబంధన జెనీవా ఒప్పందానికే విరుద్ధం కావచ్చునన్న సంగతి అప్పుడు గాని అధికారులకు తట్టలేదు. పోలీసులు దాని అమలును పక్కన పెట్టారు, అదే ఏడాది చట్టసభ దాన్ని సవరించింది. ఒప్పందం మీద సంతకం చేసిన దేశంలోనే ఒక రాష్ట్రం దాన్ని మరిచిపోగలిగినప్పుడు, సగటు ప్రయాణికుడు తికమకపడటంలో వింతేమీ లేదు.

పత్రాల సంగతి ఇంతటితో వదిలి రోడ్డు మీదికి వస్తే, అన్నిటికంటె ముందు ఎదురయ్యేది ఎడమా కుడా అన్న ప్రశ్న. ప్రపంచ జనాభాలో సుమారు మూడింట ఒక వంతు మంది ఎడమవైపు నడిపే దేశాల్లో ఉన్నారు. భారతదేశం, బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆ కోవలోవి. అమెరికా, ఐరోపా ప్రధానభూమి, గల్ఫ్ దేశాలు కుడివైపువి. దేశాలకు దేశాలే వైపు మార్చుకున్న సందర్భాలు ఈ సమస్య స్వభావాన్ని బాగా బయటపెడతాయి. స్వీడన్ 1967 సెప్టెంబరు 3న తెల్లవారుజామున ఎడమ నుంచి కుడికి మారినప్పుడు ఘోర ప్రమాదాలు జరుగుతాయని చాలామంది భయపడ్డారు గాని, జరిగింది అందుకు భిన్నం: మొదటి నెలల్లో ప్రమాదాలు తగ్గాయి, ఒకటి రెండేళ్లలో మళ్లీ పాత స్థాయికి చేరాయి. అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపినంత కాలం కొత్తదనం రక్షణగానే పనిచేసిందనీ, జాగ్రత్త సడలాక మామూలు స్థితి తిరిగి వచ్చిందనీ దీన్ని అర్థం చేసుకోవచ్చు. సందర్శక చోదకుడి విషయంలోనూ ఇదే వరస. రద్దీ రోడ్డు మీద ముందు వెళ్లే కార్లే అతనికి దారి చూపుతాయి. పెట్రోలు బంకులోంచి బయటికి వచ్చే క్షణం, ఫొటో కోసం ఆగి మళ్లీ బయలుదేరే క్షణం, తెల్లవారుజామున ఎదురుగా ఒక్క బండీ లేని పల్లె రోడ్డు, ఇవీ అసలు ప్రమాదకరమైనవి. ఎందుకంటే అక్కడ అనుకరించడానికి ఎవరూ ఉండరు.

ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌షైర్‌లో 2019 ఆగస్టు 27న జరిగిన దుర్ఘటన దీనికి విషాదకరమైన నిదర్శనం. అమెరికా సిబ్బంది పనిచేసే క్రౌటన్ వైమానిక స్థావరం నుంచి బయటికి వచ్చిన కారు ఒకటి, కొద్ది వారాల క్రితమే ఆ దేశానికి వచ్చిన అమెరికన్ మహిళ నడుపుతుండగా, రోడ్డుకు కుడివైపున సాగి, ఎదురుగా వస్తున్న మోటార్‌సైకిల్‌ను ఢీకొట్టింది. 19 ఏళ్ల యువకుడు మరణించాడు. దౌత్యపరమైన రక్షణ చుట్టూ రెండు దేశాల మధ్య నడిచిన వివాదమే పత్రికల్లో ప్రముఖంగా నిలిచింది. 2022లో ఆమె అజాగ్రత్తగా నడిపి మరణానికి కారణమైనట్టు అంగీకరించగా, న్యాయస్థానం అమలును నిలిపి ఉంచిన ఎనిమిది నెలల శిక్ష విధించింది. వివాదం మాటున మరుగునపడినది చాలా చిన్న సంగతి: స్థావరం గేటు దాటి రోడ్డెక్కిన ఆ కొన్ని క్షణాల్లో చోదకురాలిని సరిదిద్దగల ఆనవాలు ఆమె కంటికి ఆనలేదు. తర్వాత జరిగిన మరణ విచారణలో అమెరికా సిబ్బందికి తగిన డ్రైవింగ్ శిక్షణ లేకపోవడం ప్రస్తావనకు వచ్చింది.

వైపు మారితే కారు లోపలి అమరిక కూడా తారుమారవుతుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో కుడి సీటులో కూర్చుని నడిపిన వ్యక్తికి కారు శరీరమంతా తన ఎడమన ఉన్నట్టు లెక్క కుదిరి ఉంటుంది. అమెరికాలో ఎడమ సీటులో కూర్చోగానే ఆ లెక్క తప్పి, తెలియకుండానే కారు కుడి అంచుకు జరిగి, చక్రాలు రోడ్డు పక్క గీత మీద దడదడలాడతాయి. భారతదేశంలోని చాలా కార్లలో ఇండికేటరు మీట స్టీరింగుకు కుడిపక్కన ఉంటుంది, అమెరికా, ఐరోపా కార్లలో ఎడమపక్కన ఉంటుంది. మలుపు దగ్గర సిగ్నల్ ఇవ్వబోయి ఎండపూట వైపర్లు ఆడించే చోదకుడు కొత్తగా దిగినవాడని వెనుకవారు ఇట్టే పోల్చుకుంటారు. చేతితో గేర్లు మార్చే కారు కాకుండా ఆటోమేటిక్ కారు అద్దెకు తీసుకోవడం సౌకర్యం కోసమే అనిపించినా, మలుపు దగ్గర బుర్రకు ఒక పని తగ్గించడం వల్ల అది భద్రతకు సంబంధించిన ఎంపిక కూడా అవుతుంది. సీటు ఒక వైపు, రోడ్డు మరో వైపు అయిన దేశాలు కూడా లేకపోలేదు: మయన్మార్ 1970లో కుడివైపుకు మారినా, అక్కడ తిరిగే కార్లలో చాలా భాగం కుడి సీటు స్టీరింగు ఉన్న జపాన్ కార్లే కావడంతో, ముందున్న లారీని దాటేటప్పుడు ఎదురుగా వచ్చేవాటిని చోదకుడు సరిగా చూడలేడు.

ఇంతకంటె లోతైనది ప్రాధాన్య నియమం, అంటే రెండు దారులు కలిసే చోట ముందు ఎవరు వెళ్లాలన్న నియమం. ఫ్రాన్స్, జర్మనీ తదితర దేశాల్లో ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికే హక్కు. అది ఎంత చిన్న సందులోంచి వచ్చినా, నడిచేది ఎంత పెద్ద రోడ్డు మీదైనా ఆగి తీరాలి. పసుపు రంగు వజ్రాకారపు గుర్తు కనిపిస్తే తానున్న రోడ్డుకు ప్రాధాన్యం ఉన్నట్టు, అదే గుర్తును నల్ల గీత అడ్డంగా కొట్టివేసి ఉంటే ఆ ప్రాధాన్యం అక్కడితో ముగిసినట్టు. పెద్ద బండిదో, పెద్ద రోడ్డుదో, ముందు ముక్కు దూర్చినవారిదో దారి అన్న అవగాహనతో పెరిగిన చోదకుడికి ఇది మనసుకు ఎక్కడానికి సమయం పడుతుంది. అమెరికాలో నాలుగు దిక్కులా స్టాప్ బోర్డులున్న కూడళ్లు మరో రకం పరీక్ష. అక్కడ ప్రతి బండీ, ఎదుట ఎవరూ లేకపోయినా, చక్రం పూర్తిగా నిలిచేలా ఆగాలి. ముందు వచ్చి ఆగినవారు ముందు వెళ్తారు. ఇద్దరు ఒకేసారి వస్తే కుడిపక్కనున్నవారికి అవకాశం. పోలీసు లేడు, దీపం లేదు, అయినా వరస తప్పదు. వేగం తగ్గించి, అటూ ఇటూ చూసి, ఆగకుండానే జారిపోవడం భారతీయ చోదకుడికి జాగ్రత్తగానే తోస్తుంది, అక్కడి చట్టానికి అది నేరం.

ఫ్రీ లెఫ్ట్ అలవాటు కూడా ఈ కోవలోదే. తెలుగు రాష్ట్రాల నగరాల్లో ఎర్రదీపం వెలుగుతున్నా ఎడమకు తిరిగిపోయే వెసులుబాటు చాలా కూడళ్లలో ఉండటంతో, వెసులుబాటు లేని చోట కూడా చోదకులు దాన్ని హక్కుగా భావిస్తారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఎర్రదీపం వద్ద కుడికి తిరగవచ్చు గాని, ముందు పూర్తిగా ఆగి, పాదచారులకూ అడ్డంగా వచ్చే బండ్లకూ దారి ఇచ్చాకే. న్యూయార్క్ నగరంలో ప్రత్యేకంగా బోర్డు ఉంటే తప్ప అది నిషిద్ధం. బ్రిటన్‌లో ఎర్రదీపం ఉన్నంతసేపు ఎడమకు తిరగడం అన్న మాటే లేదు. రోడ్డుకు ఒకే వైపున నడిపే భారత్, బ్రిటన్‌ల మధ్య ఈ తేడా మరింత ప్రమాదకరం. అంతా తెలిసినట్టే ఉండటం వల్ల చోదకుడు అప్రమత్తం కాడు.

చోదకులు ఒకరితో ఒకరు మాట్లాడుకునే మూగభాషలోనూ తేడాలున్నాయి. తెలుగు నేల మీద డిప్పర్ కొట్టడమంటే, అంటే హెడ్‌లైట్లను క్షణకాలం మెరిపించడమంటే, వస్తున్నది తానేననీ ఎదుటివారు ఆగాలనీ చెప్పడం. బ్రిటన్‌లో చాలామంది అదే సైగను ముందు మీరు వెళ్లండి అనడానికి వాడతారు. అక్కడి అధికారిక నియమావళి అయిన హైవే కోడ్ మాత్రం ఉనికి తెలపడానికే దీపాలు మెరిపించాలని చెబుతుంది, కాబట్టి నియమం చదువుకుని వెళ్లిన సందర్శకుడికి కూడా వాడుక అర్థం కాకపోవచ్చు. పోలీసులు ఆపినప్పుడు చేయవలసిన పని ఇంకా సున్నితమైనది. ఇక్కడ చోదకుడు బండి దిగి, కాగితాలు పట్టుకుని అధికారి దగ్గరికి నడిచి వెళ్లడం మర్యాద. అమెరికాలో వెనుక పోలీసు కారు దీపాలు మెరిస్తే కుడిపక్కకు తీసి ఆపి, చేతులు స్టీరింగు మీద కనపడేలా ఉంచి, అధికారి కిటికీ దగ్గరికి వచ్చేదాకా లోపలే కూర్చోవాలి. దిగి ఎదురు వెళ్లడాన్ని వారు బెదిరింపుగా తీసుకునే ప్రమాదం ఉంది. పిల్లలను ఎక్కించుకునేందుకో దించేందుకో ఎర్రదీపాలు మెరిపిస్తూ ఆగిన పసుపుపచ్చ స్కూలు బస్సు విషయమూ అంతే: మధ్యలో విభజన లేని రోడ్డయితే వెనుక వచ్చేవారే కాదు, ఎదురుగా వచ్చేవారూ ఆగాలి.

వేగ పరిమితుల్లో మైళ్లూ కిలోమీటర్లూ కలగాపులగం కావడం గురించి హెచ్చరికలు చాలానే ఉన్నాయి, అద్దె కారు మీటరే ఆ సమస్యను చాలావరకు తీరుస్తుంది కూడా. అంకె రాయని పరిమితులు ఇంతకంటె ముఖ్యం. బ్రిటన్‌లో వీధిదీపాలు వరుసగా ఉన్న రోడ్డు మీద వేరే బోర్డు లేకపోతే గరిష్ఠ వేగం గంటకు 30 మైళ్లు. వేల్స్‌లో 2023 సెప్టెంబరు 17 నుంచి అది 20 మైళ్లకు తగ్గింది. తెల్లని వలయంలో నల్లని ఏటవాలు గీత ఉన్న గుర్తుకు అర్థం పరిమితి లేదని కాదు, మామూలు రోడ్డు మీద 60, విభజన ఉన్న రోడ్డు మీద 70 మైళ్ల జాతీయ పరిమితి వర్తిస్తుందని. జర్మనీలో ఊరి పేరు రాసిన పసుపు బోర్డే 50 కిలోమీటర్ల పరిమితికి ఆరంభం. వేగానికి హద్దు లేదని లోకమంతా చెప్పుకునే ఆటోబాన్ మీద కూడా 130 కిలోమీటర్లు సిఫారసు వేగం, చాలా భాగాల్లో కచ్చితమైన పరిమితులున్నాయి. పైగా కుడివైపు నుంచి దాటడం నిషిద్ధం, రాకపోకలు స్తంభిస్తే ఎడమ వరుసవారు ఎడమకు, మిగతావారు కుడికి జరిగి అంబులెన్సుకు ముందుగానే మధ్యలో దారి విడిచి ఉంచాలి. మద్యం విషయంలో భారతదేశపు పరిమితి, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, ఇంగ్లండ్‌లోని 80 కంటె ఎంతో కఠినమైనది. స్కాట్లండ్ 2014లో తన పరిమితిని 50కి తగ్గించుకుంది, స్వీడన్, నార్వేల్లో అది 20 మాత్రమే. చట్టం కాగితం మీద ఎంత కఠినంగా ఉందన్నది కాక, రోడ్డు మీద ఎంత తరచుగా పరీక్షిస్తారన్నదే చోదకుల అలవాటును తీర్చిదిద్దుతుంది.

భౌగోళిక పరిస్థితే నియమాన్ని మించిన సవాలుగా నిలిచే దేశం ఐస్‌లాండ్. అక్కడ ప్రధాన రహదారి మీద కూడా ఒక్క బండి మాత్రమే పట్టే వంతెనలు ఎదురవుతాయి. ముందు చేరుకున్నవారు దాటేదాకా రెండో వైపు ఆగాలి. తారు రోడ్డు హఠాత్తుగా ముగిసి కంకర రోడ్డు మొదలవుతుంది, అక్కడ పరిమితి 90 నుంచి 80కి తగ్గుతుంది గాని, అలవాటు లేనివారికి ఆ వేగమూ ఎక్కువే, వదులు కంకర మీద గట్టిగా బ్రేకు వేస్తే బండి అదుపు తప్పుతుంది. పగలూ రాత్రీ హెడ్‌లైట్లు వెలుగుతూనే ఉండాలి. 2018 డిసెంబరు 27న నూప్స్‌వోట్న్ వద్ద అలాంటి వంతెన మీదినుంచి సందర్శకుల కారు కిందపడి, భారతీయ మూలాలున్న బ్రిటిష్ కుటుంబంలో పసిబిడ్డతో సహా ముగ్గురు చనిపోయారు.

విదేశీయులు నిజంగానే స్థానికులకంటె ఎక్కువ ప్రమాదాలు చేస్తారా అన్న ప్రశ్నకు సమాధానం అనుకున్నంత సులువు కాదు. వారు ఎన్ని కిలోమీటర్లు నడిపారో లెక్క సాధారణంగా ఎవరి దగ్గరా ఉండదు, ఆ లెక్క లేకుండా ప్రమాదాల సంఖ్యను బట్టి తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఈ విషయాన్ని శ్రద్ధగా పరిశీలించిన న్యూజిలాండ్‌లో, ప్రాణనష్టం లేదా గాయాలు కలిగించిన ప్రమాదాల్లో విదేశీ లైసెన్సుదారుల ప్రమేయం ఉన్నవి దేశం మొత్తం మీద దాదాపు ఆరు శాతంగా తేలింది. ఆ లెక్కలో పర్యాటకులే కాక, విదేశీ లైసెన్సుతోనే కొనసాగుతున్న విద్యార్థులు, కొత్త వలసదారులు కూడా ఉన్నారు. అయితే దక్షిణ ద్వీపంలోని పర్యాటక జిల్లాల్లో ఆ వాటా ఎన్నో రెట్లు ఎక్కువ. 2014, 2015 ప్రాంతంలో కొందరు స్థానికులు కోపం పట్టలేక పర్యాటకుల కార్ల తాళాలు లాక్కున్న ఘటనలు వార్తలకెక్కాయి. ప్రభుత్వం మాత్రం ఆవేశానికి లోనుకాకుండా, ఒటాగో, సౌత్‌లాండ్, వెస్ట్ కోస్ట్ ప్రాంతాల్లో సందర్శక చోదకుల కోసం ప్రత్యేక పథకం చేపట్టి, ఎడమవైపే నడపాలని గుర్తుచేసే బాణాలను రోడ్డు మీదే గీయించింది. విమానం సీటులోనో, అద్దె కౌంటరు దగ్గరో చేతిలో పెట్టే కరపత్రంకంటె, వ్యూపాయింటు నుంచి బయటికి వచ్చే చోట తారు మీద గీసిన బాణం మేలైనదన్నది ఈ సమీక్షలో తేలే బలమైన అభిప్రాయాల్లో ఒకటి, ఎందుకంటే అలవాటు పనిచేసే క్షణంలోనే అది కంటపడుతుంది.

బీమా, జరిమానాల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. సరైన లైసెన్సు లేకుండా నడిపితే అద్దె సంస్థ ఇచ్చే బీమా రక్షణ చాలా సందర్భాల్లో చెల్లకుండా పోతుంది. పర్మిట్ నిజంగా అక్కరకు వచ్చేది పోలీసుల తనిఖీలోకంటె ఇక్కడే. ఐరోపా సమాఖ్యలో 2015 నాటి ఆదేశం ప్రకారం సభ్యదేశాలు అతివేగం, ఎర్రదీపం దాటడం, సీటు బెల్టు పెట్టుకోకపోవడం వంటి ఉల్లంఘనల్లో ఒకరి వాహనాల వివరాలు మరొకరికి ఇచ్చుకుంటాయి. ఇటలీ నగరాల పాత కేంద్రాల్లో అనుమతి లేని బండ్లకు ప్రవేశం నిషేధించిన మండలాలను కెమెరాలు కాపలా కాస్తాయి. అద్దె కారులో అటు వెళ్లిన పర్యాటకుడికి ఇంటికి తిరిగి వచ్చిన నెలల తర్వాత జరిమానా, దానికి తోడు వివరాలు అందించినందుకు అద్దె సంస్థ వసూలు చేసే రుసుమూ చేరతాయి.

ప్రమాదం జరిగాక ప్రవర్తన గురించి మాత్రం కొంత నిదానించాలి. భారత మోటారు వాహనాల చట్టంలోని 134వ సెక్షన్ గాయపడినవారికి వైద్యసహాయం అందించాలని చోదకుణ్ణి ఆదేశిస్తూనే, గుంపు ఆగ్రహం వంటి కారణాలతో అది సాధ్యం కాని పరిస్థితిని మినహాయించింది. ఈ మినహాయింపు వెనుక ఇక్కడి సామాజిక వాస్తవం ఉంది, భయంతో అక్కడినుంచి తప్పుకోవడం చాలామందికి సహజంగా తోస్తుంది. అమెరికాలో, బ్రిటన్‌లో, ఐరోపాలో ప్రమాదస్థలం విడిచి వెళ్లడమే వేరుగా శిక్షార్హమైన నేరం. చిన్న గీత పడినా ఆగి వివరాలు ఇచ్చిపుచ్చుకోవాలి. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకుని ముందు సీటులో కూర్చోవడం, వెనుక సీటులో బెల్టు పెట్టుకోకపోవడం కూడా ఇంటి నుంచి మోసుకెళ్లే అలవాట్లే. అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ చిన్నపిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి. మనవల్ని చూడటానికి వెళ్లిన తాతయ్యలూ అమ్మమ్మలూ బిడ్డ ఏడుస్తోందని సీటులోంచి తీయబోయి, నడుపుతున్న కొడుకుతోనో అల్లుడితోనో మాట పడటం అక్కడి తెలుగు ఇళ్లలో తెలిసిన ముచ్చటే.

సాంకేతిక పరికరాలు ఈ లోటును కొంత పూడుస్తాయన్న ఆశ ఉంది. ఐరోపా సమాఖ్యలో 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులోనూ, పరిమితిని గుర్తించి చోదకుణ్ణి హెచ్చరించే ఏర్పాటు తప్పనిసరి. కాని అది వేగానికే పరిమితం. గుర్తు లేని కూడలిలో కుడివైపు సందు నుంచి వచ్చే సైకిలుకు దారి ఇవ్వాలని గుర్తుచేయడం దాని పని కాదు. ఇక చోదకుణ్ణి నేరుగా పరీక్షించే అవకాశం చట్టానికి చిక్కేది అతను సందర్శకుడిగా కాక నివాసిగా మారినప్పుడే. బ్రిటన్‌లో స్థిరపడిన భారతీయుడు సొంత లైసెన్సుతో 12 నెలలు నడపవచ్చు, ఆ తర్వాత లైసెన్సులు నేరుగా మార్చుకోగల దేశాల జాబితాలో భారతదేశం లేదు గనుక రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండింటిలోనూ నెగ్గాలి. అమెరికా రాష్ట్రాలు ఆ గడువును సాధారణంగా కొన్ని వారాలకో నెలలకో కుదిస్తాయి. పదేళ్ల అనుభవమున్నవారు కూడా స్టాప్ బోర్డు దగ్గర చక్రం పూర్తిగా ఆగలేదన్న ఒక్క కారణంతో అక్కడ తప్పుతుంటారు. ఆ పరీక్షకు వెళ్లేనాటికి వారు ఆ రోడ్ల మీద ఎంతో దూరం నడిపి ఉంటారు, ఈలోగా కొంత నేర్చుకునీ ఉంటారు. విమానం దిగిన గంటలోపు, నిద్రలేని కళ్లతో అద్దె కారు తీసుకుని బయలుదేరే వారం రోజుల అతిథిని మాత్రం కౌంటరు దగ్గర లైసెన్సు, పాస్‌పోర్టు, క్రెడిట్ కార్డు తప్ప మరొకటి అడిగేవారు లేరు.